చక్రాలున్న సిగరెట్టు

అరాద్,
20 జనవరి 2009

ప్రియమైన మామయ్యగారికి,

వందనాలు. అత్తయ్యగారికీ చెప్పండి.

మొన్న శుక్రవారం దీవెన ఫోన్లో మీకు శుభవార్త చెప్పి, ఆ వెంటనే షరతు కూడా పెట్టింది కదా, అప్పుడు నేను పక్కనే కూర్చుని ఉన్నాను. "నాన్నా, నువ్వు చుట్ట మానకపోతే బిడ్డను నీ చేతికివ్వను. కూతురిగా కాదు, నర్సుగా చెప్తున్నా" అంది. మీరేమన్నారో నాకు వినపడలేదు. దీవెన సల్మానియా ఆసుపత్రిలో, ఊపిరితిత్తుల వార్డులో ఆరేళ్లుగా డ్యూటీ చేస్తున్న మనిషి. అన్నదంటే అంత పనీ చేస్తుందని మీకు నాకంటే బాగా తెలుసు.

నాకు మాత్రం బాధేసింది. మనవడో మనవరాలో పుట్టాక మీరు చేతులు కట్టుకుని దూరంగా నిలబడి చూడడమేమిటి? అందుకే ఒక ఉపాయం ఆలోచించాను. ఈ అరబ్బు దేశానికీ మన ఊరికీ వచ్చిపోతుండే సైమన్ అన్న ఈ కవరుతో పాటు ఒక చిన్న పెట్టె ఇస్తాడు. అందులో ఉన్నది ఎలక్ట్రానిక్ సిగరెట్టు. అద్లియాలో ఒక కొట్లో దొరికింది. నిప్పుండదు, బూడిదుండదు. లోపల చిన్న బ్యాటరీ, దాని ముందు వేడెక్కే తీగ, దానికి ముందు నికోటిన్ మందు నింపిన గొట్టం. నోట్లో పెట్టి లాగితే కొసన ఎర్ర దీపం వెలుగుతుంది, ఆవిరి వస్తుంది. చుట్ట మానడానికి పనికొస్తుందంటున్నారు. దీవెనను అడిగితే, "అది మంచిదని ఇంకా ఏ డాక్టరూ చెప్పలేదు" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. అందుకని ఈ సంగతి ఆమెకు తెలియనివ్వద్దు. మీరు జవాబు రాస్తే ఇంటికి కాకుండా మా వర్క్‌షాపు పోస్టుబాక్సుకు రాయండి.

నేనూ కాలుస్తాను, రోజుకొక పెట్టె, మీకు తెలిసిందే. నాకు మాత్రం ఆమె షరతేమీ పెట్టలేదు. రెండేళ్లు చెప్పి చెప్పి విసిగిపోయింది. ఇప్పుడు గుమ్మంలోకి రాగానే "చొక్కా మార్చుకో" అంటుంది, అంతే. కొంచెం దగ్గుంది. అది సిగరెట్టుది కాదు, లేతు మిషను దగ్గర ఎగిరే ఇత్తడి పొడిది. నాకు ముప్పై నాలుగేళ్లే, నా సంగతి తర్వాత చూసుకోవచ్చు. మీకు అరవై ఎనిమిది. ముందు మీరు మానాలి.

మీ అల్లుడు,
కాలేబు

*

బిట్రగుంట,
9 ఫిబ్రవరి 2009

ప్రియమైన అల్లుడుగారికి,

మీ పెట్టె అందింది. సైమన్ చాలా జాగ్రత్తగా, గుడ్లు తెచ్చినట్టు తెచ్చాడు. మీ మనసు మంచిది. వస్తువు మాత్రం బాగాలేదు.

అల్లుడుగారూ, మీరు కోపం తెచ్చుకోనంటే ఒక మాట చెప్తాను. ఇది ప్లాస్టిక్కు కలం. దీన్ని నోట్లో పెట్టుకుని వీధి అరుగు మీద కూర్చుంటే, సిరా పీలుస్తున్నానని అనుకుంటారు. నేను ఈ ఊరి లోకో షెడ్డులో ముప్పై నాలుగేళ్లు బాయిలరు ఫిట్టరుగా చేశాను. ఆవిరి అంటే నాకు ఒక మర్యాద ఉంది. ఆవిరి పుట్టే చోట ఇత్తడి ఉండాలి, రాగి ఉండాలి, రివిట్లు ఉండాలి. చేతిలో పట్టుకుంటే బరువు తెలియాలి. ఇది నోట్లో పెట్టుకోవడం నావల్ల కాదు, అందుకని సైమన్‌తోనే వెనక్కి పంపుతున్నాను.

మీరు లేతు మిషను మీద పడవల షాఫ్టులు తిప్పే మనిషి. మీ చేతిలో పని ఉంది. దీనికి ఒక ఒళ్లు చేయండి. మా షెడ్డులో ఉన్న పాత ప్యాసింజరు ఇంజను బొమ్మ గీసి దీనితో పెడుతున్నాను. జానెడు పొడవు చాలు. కలం లోపల దాక్కోవాలి, పైకి ఇంజను కనపడాలి.

ఇంకొక్క సంగతి. మా షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. ఇంజను బాగుచేసిన ఫిట్టరు, ట్రయలుకు తనే ఎక్కాలి. బాయిలరు పక్కన నిలబడి ఏడు స్టేషన్లు పోయి రావాలి. తను ఎక్కని ఇంజను ఇంకొకరికి అప్పగించకూడదు. ఫోర్‌మన్ ఎంత గొంతు చించుకున్నా, ట్రయలు కాగితం లేకుండా షెడ్డు గేటు తెరిచేవాళ్లు కాదు. ఆ పద్ధతి నేను ఇప్పుడూ తప్పను. మీరు చేసింది ముందు మీరు పీల్చి చూసి, రిపోర్టు రాయాలి.

అమ్మాయి వాంతులు తగ్గాయా? మీ అత్తయ్య ఉసిరికాయ పచ్చడి సైమన్ చేత పంపుతోంది.

మీ మామయ్య,
జ్ఞానదాసు

*

అరాద్,
14 మార్చి 2009

ప్రియమైన మామయ్యగారికి,

బొమ్మ అందింది. మొదట నవ్వొచ్చింది. తర్వాత భోజనాల వేళ ఊరికే ఒక ఇత్తడి ముక్క తీసుకుని లేతుకు బిగించాను. ఇంక చేయి ఆగలేదు.

మాది పడవల ఇంజన్లు బాగుచేసే వర్క్‌షాపు కాబట్టి ఇత్తడికి కొదవ లేదు. పాత షాఫ్టుల బుష్‌లు, విరిగిన కిటికీల చట్రాలు, ఉప్పునీటికి పచ్చబడ్డ కుళాయిలు మూలన గుట్టగా పడి ఉంటాయి. మా కఫీల్, అంటే వర్క్‌షాపు యజమాని, ముసలాయన. ఆయన్ని అడిగితే, "తీస్కో, ఖలాస్" అని చేయి ఊపాడు. షాఫ్టు బుష్‌తో బాయిలరు తిప్పాను. రాగి తీగ వంచి పైన గొట్టాల్లాగా అతికించాను. చెడిపోయిన చేతి గడియారం ముఖం తీసి పీడనం చూపే మీటరులాగా పెట్టాను. ముందు భాగంలో ఎర్ర దీపం హెడ్‌లైటులాగా వెలుగుతుంది. పక్క మిషను మీద పనిచేసే రోడెల్ అని ఫిలిప్పీన్స్ మనిషి, ఫోనులో బొమ్మలు చూపించాడు. విదేశాల్లో ఇలాంటి పాత ఆవిరి యంత్రాల వేషం వేసిన వస్తువులు సరదాకి చేస్తారట. దీన్ని స్టీమ్‌పంక్ అంటారట.

అన్నీ బాగున్నాయి, ఒక్కటి తప్ప. వెలగదు. బయట ఉన్నప్పుడు శుభ్రంగా వెలిగే కలం, ఇత్తడి ఒంట్లోకి దూర్చగానే చచ్చిపోతోంది. బుగ్గలు నొప్పెట్టేలా లాగాను. ఊహూఁ. వెంట్రుక దూరనంత బిగుతుగా తిప్పాను, పనిలో లోపం లేదు. కోపంతో బయటికెళ్లి రెండు సిగరెట్లు కాల్చొచ్చాను. మీకేమన్నా తోస్తే రాయండి.

దీవెనకు నాలుగో నెల. వాంతులు తగ్గాయి. పచ్చడి సీసా సగం ఖాళీ.

మీ అల్లుడు,
కాలేబు

*

బిట్రగుంట,
30 మార్చి 2009

ప్రియమైన అల్లుడుగారికి,

ముప్పై నాలుగేళ్లు నేను చేసిన పనికి స్టీమ్‌పంక్ అని పేరుందని ఇప్పుడు తెలిసింది. పెన్షను కాగితాల్లో మాత్రం ఫిట్టరు గ్రేడు వన్ అనే ఉంది.

మీ ఇంజను ఎందుకు వెలగలేదో మీ ఉత్తరం రెండో పేజీ చదవకుండానే తెలిసింది. గాలి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఏ ఇంజనుకైనా నిప్పు కింద బూడిద తట్ట ఉంటుంది, దానికొక తలుపు ఉంటుంది. దాన్ని డాంపరు అంటాం. అది తెరిస్తేనే గాలి దూరి నిప్పు మండుతుంది. మీరు వెంట్రుక కూడా దూరకుండా బిగించారు. మంచి పనివాళ్లు చేసే తప్పే ఇది. కింద నాలుగు చిల్లులు వేసి, మీద జరిగే చిన్న రేకు పెట్టండి.

రెండోది. దీపం ముందు పెట్టారు. తప్పు. నిప్పు వెనకాల, డ్రైవరు కాళ్ల దగ్గర ఉంటుంది. పొగ ముందు, గొట్టంలోంచి పోతుంది. కలం తిప్పి పెట్టండి. పొగగొట్టం దగ్గర నోరు పెట్టి లాగాలి.

ఇంకా కొన్ని ఉన్నాయి, రాసుకోండి. లోహం అతకడానికి సీసం టాకా వద్దు, వెండి టాకా వేయండి. ఎక్కడా మూలలు ఉండకూడదు. గుడ్డతో తుడిస్తే పోగు చిక్కుకోకుండా జారిపోవాలి. పైన జిగురుతో అతికించినవేవీ వద్దు, ప్రతిదీ రివిట్టు కొట్టాలి, లాగితే ఊడిరాకూడదు. ఆ గడియారం అద్దం తీసేయండి, పగులుతుంది. చక్రాలు ఉత్త బొమ్మ చక్రాలు కాదు, నేల మీద పెట్టి తోస్తే దొర్లాలి. ముందు వైపు ఒక కొక్కెం పెట్టండి.

తర్వాత ట్రయలు. ఏడు రోజులు. ఆ ఏడు రోజులూ వేరే ఏ పొగా నోటికి తగలకూడదు. రెండు పొగలు కలిస్తే లోపం దేనిదో తేలదు. రోజువారీ రిపోర్టు ఉండాలి.

మీ మామయ్య,
జ్ఞానదాసు

*

అరాద్,
2 మే 2009

ప్రియమైన మామయ్యగారికి,

డాంపరు పెట్టాను. వెలిగింది! మొదటిసారి ఆవిరి పొగగొట్టంలోంచి నా నోట్లోకి వచ్చినప్పుడు, వర్క్‌షాపులో అందరూ చూస్తుండగా గట్టిగా అరిచాను. మా కఫీల్ వచ్చి అటూ ఇటూ తిప్పి చూశాడు. "కాలేబ్, యే గాడీ కిధర్ జాతా?" అన్నాడు. బిట్రగుంట అని చెప్పాను. అదేదో పెద్ద ఊరనుకుని తలాడించాడు.

మీరు చెప్పినవన్నీ చేశాను, కానీ ఒక్క మాట అడగాలి. పొగ పీల్చే దానికి దొర్లే చక్రాలెందుకు మామయ్యగారూ? కొక్కెం ఎందుకు? నోట్లో పెట్టే గొట్టం ఒక్కటి నున్నగా ఉంటే చాలదా? ఒళ్లంతా ఆకురాయి పట్టేసరికి నా వేలిముద్రలు అరిగిపోయాయి. రోడెల్ అంటున్నాడు, మీ మామగారు ఇన్‌స్పెక్టరు చేశారా అని.

ఇక రిపోర్టు. మొదటి రోజు, సిగరెట్టు లేదు, ఇంజను మాత్రమే. నోట్లో ఇత్తడి చేదు తగిలింది. రెండో రోజు, లేదు. తల పగిలిపోయింది, రోడెల్ మీద ఊరికే అరిచాను, తర్వాత టీ ఇప్పించాను. మూడో రోజు మిషను బెల్టు తెగి ఒక షాఫ్టు పాడైంది. ముదీర్, అంటే మా మేనేజరు, నలుగురిలో మాటన్నాడు. రెండు కాల్చాను. నాలుగో రోజు మూడు. అయిదో రోజు నుంచి మామూలే.

అయినా ఇంజను బాగానే పనిచేస్తోంది. ఇక పంపేయమంటారా?

మీ అల్లుడు,
కాలేబు

*

బిట్రగుంట,
15 మే 2009

ప్రియమైన అల్లుడుగారికి,

పంపవద్దు. మూడో స్టేషన్లో ఆగిపోయిన ఇంజనును ట్రయలు పాసైందని నేను రాయను. మళ్లీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టండి.

మీరు నిజం రాశారు, అది నచ్చింది. మా షెడ్డులో కొందరు గేటు బయట సిగ్నలు దాకా పోయి నిలబడి, ఏడు స్టేషన్లు తిరిగొచ్చామని రాసేవాళ్లు. మీరు అలా రాసినా నాకు ఇక్కడ తెలిసేది కాదు.

ఇత్తడి చేదుకు మందు చెక్క. మీ దగ్గర పడవలు చేసేవాళ్లున్నారు కదా, టేకు ముక్క అడగండి. పొగగొట్టం చెక్కతో చేసి, లోపలికి మర బిగించి, అడ్డంగా ఒక పిన్ను కొట్టండి. చెక్కకు రంగు వేయొద్దు, కొబ్బరినూనె చాలు.

చక్రాలెందుకని అడిగారు. చక్రాలు లేనిది ఇంజను కాదు, పొయ్యి.

మాట పడ్డ రోజు చేతికి ఏదో కావాలనిపిస్తుంది, నాకు తెలుసు. వేయించిన శనగలు జేబులో పెట్టుకోండి. ఒక్కొక్క గింజ నమలాలి, గుప్పెడు కాదు. మెంతులు కూడా పనికొస్తాయి, కానీ ముఖం చేదవుతుంది, మీ అత్తయ్య కోపమనుకుంది.

మీ మామయ్య,
జ్ఞానదాసు

*

అరాద్,
18 జులై 2009

ప్రియమైన మామయ్యగారికి,

ఆలస్యమైంది, క్షమించండి. ఉత్తరం రాయడానికి మొహం చెల్లలేదు. రెండో ట్రయలు అయిదో రోజున పోయింది. మూడోది ఆరో రోజున. ఆ రోజు శుక్రవారం, ఇక్కడ సెలవు రోజు కాబట్టి చర్చిలో ప్రార్థన అయ్యాక బయట అందరూ నిలబడి మాట్లాడుకుంటుంటే ఎవరో సిగరెట్టు పెట్టె చాపారు, చేయి దానంతటదే వెళ్లిపోయింది. మీకోసం చేస్తున్న పని నా వేళ్ల వల్ల చెడుతోందని నా మీద నాకే అసహ్యం వేసింది. నాలుగోసారి జేబులో పెట్టె లేకుండా చేసుకున్నాను. శనగలు పెట్టుకున్నాను. ఏడు రోజులు పూర్తయ్యాయి మామయ్యగారూ. ఏడు స్టేషన్లూ తిరిగి వచ్చాను. ఎనిమిదో రోజు కూడా ఎందుకో కొనలేదు. ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు.

టేకు ముక్క ముహర్రక్ తీరంలో పడవలు చేసే ముసలాయన ఇచ్చాడు. నలభై ఏళ్ల పడవ పక్కటెముక అట. తిప్పుతుంటే ఇంకా వాసన వచ్చింది. ఇప్పుడు చేదు లేదు. ఎండలు మాత్రం చంపేస్తున్నాయి. ఇనుప పనిముట్టు గుడ్డ లేకుండా పట్టుకోలేం. ఇంజనును మంచినీళ్ల కూలరు పక్కన దాస్తున్నాను.

మందు గొట్టాల్లో ఘాటును బట్టి నాలుగు రకాలున్నాయి. ఎక్కువ, మధ్యస్థం, తక్కువ, అసలు లేనిది. నేను ఎక్కువ ఘాటుతో మొదలుపెట్టి ఇప్పుడు తక్కువలో ఉన్నాను. మీకు ఏది పంపమంటారు?

దీవెనకు ఏడో నెల నిండుతోంది. కాళ్లు వాస్తున్నాయి, అయినా డ్యూటీకి పోతోంది. ఇంజను సంగతి ఇంకా తెలియదు. మొన్న ఊరికే నా వీపు మీద చెవి ఆనించి పడుకుంది. ఏమిటంటే, "ఏం లేదు, గోడ చల్లగా ఉందని" అంది. నేను గోడనట!

మీ అల్లుడు,
కాలేబు

*

బిట్రగుంట,
3 ఆగస్టు 2009

ప్రియమైన అల్లుడుగారికి,

ఏడు స్టేషన్లూ తిరిగి వచ్చారని చదివి, ఉత్తరం మీ అత్తయ్యకు కూడా చదివి వినిపించాను. ఆమె లోపలికి వెళ్లి సేమియా పాయసం చేసింది. ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఇది ప్యాసింజరు ట్రయలు మాత్రమే. ఇంకా గూడ్సు ట్రయలు ఉంది. వెనకాల బరువు పెట్టి, కొత్తగా నిప్పు వేయకుండా, ఉన్న ఆవిరి మీదే ఇంజను ఎంత దూరం పోతుందో చూడాలి. అసలు ఘాటు లేని మందు వేసి నెల రోజులు నడపండి. వట్టి ఆవిరి మీద నడిస్తే అప్పుడు ఒప్పుకుంటాను.

విసుక్కోకండి. అమ్మాయిని తొమ్మిదో నెల వచ్చేసరికి మెట్లు ఎక్కనివ్వకండి. మీ అత్తయ్య వీసా కాగితాలు అందాయి. ఆమె నెలాఖరుకు బయల్దేరుతుంది. ఇద్దరికీ సెలవు దొరకదు కదా, ఇక్కడ కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు నేను చూసుకోవాలి.

మీ మామయ్య,
జ్ఞానదాసు

*

అరాద్,
10 అక్టోబరు 2009

ప్రియమైన మామయ్యగారికి,

పాప ఫోటోలు అత్తయ్యగారు చూపించే ఉంటారు. సెప్టెంబరు ఎనిమిదిన పుట్టింది, మూడు కిలోలు. కృప అని పెట్టాం. ముక్కు అచ్చం మీదే. ఈ మాట నేనే ముందన్నాను, దీవెన ఒప్పుకోలేదు, అత్తయ్యగారు ఒప్పుకున్నారు.

ఆసుపత్రిలో పాపను మొదటిసారి నా చేతికిచ్చారు. నేను వర్క్‌షాపు నుంచి తిన్నగా వెళ్లాను. అలవాటుగా, "ఉండు, చొక్కా మార్చుకొస్తాను" అన్నాను. దీవెన, "అక్కర్లేదు, ఎత్తుకో" అంది. ఎత్తుకున్నాను. అంత చిన్నది, ఇంత గట్టిగా నా చొక్కా బొత్తాం పట్టుకుంది. ఆ క్షణంలో మీరు గుర్తొచ్చారు మామయ్యగారూ. ఇది మీకు దక్కకపోతే నేను చేసిందంతా దండగ అనిపించింది.

కాబట్టి ఇక ట్రయళ్లు చాలు. నెల రోజుల గూడ్సు ట్రయలు కూడా అయింది. నెల కాదు, రెండు నెలలు. వట్టి ఆవిరి మీదే నడుస్తోంది. రిపోర్టులన్నీ దీనితో ఉన్నాయి. ఇంకేం లోపం చూపించినా నేను వినను. మీరు పెద్దవారు, అయినా చెప్తున్నాను, ఎనిమిది నెలలుగా నాచేత ఆకురాయి పట్టిస్తూ అక్కడ మీరు చుట్ట మీద చుట్ట కాలుస్తుంటే నాకు కోపంగా ఉంది. మీకు మనసు లేకే ఈ లోపాలన్నీ వెతుకుతున్నారేమోనని అనుమానం వస్తోంది. డిసెంబరులో పాపను తీసుకుని వస్తున్నాం. దీవెన మాట తప్పదు. మీరు ఈ ఇంజను పట్టుకుంటారా, చుట్ట పట్టుకుంటారా, మీ ఇష్టం.

సైమన్ అన్న పెట్టె తెస్తున్నాడు. ఎయిర్‌పోర్టులో ఆపి ఇదేమిటని అడిగితే ఏం చెప్పాలన్నాడు. "మా మామగారి మొండితనం అని చెప్పు" అన్నాను. తప్పుగా రాసి ఉంటే క్షమించండి.

మీ అల్లుడు,
కాలేబు

*

బిట్రగుంట,
1 నవంబరు 2009

నా ప్రియమైన కాలేబూ,

ఇన్నాళ్లూ నిన్ను మీరు అన్నాను. ఈ ఉత్తరంలో నువ్వు అంటాను, ఏమనుకోకు. మర్యాదతో ఈ మాటలు రాయడం నాకు చేతకావడం లేదు.

ఇంజను అందింది. అరచేతిలో పెట్టుకుని గంటసేపు చూశాను. గుడ్డతో తుడిచాను, ఎక్కడా పోగు చిక్కుకోలేదు. రివిట్లు పటకారుతో లాగాను, కదల్లేదు. పొగగొట్టం పళ్లతో కొరికాను, ఊడలేదు. నేల మీద పెట్టి తోస్తే గుమ్మం దాకా దొర్లింది. పాస్. నా సర్వీసులో ఇంత మంచి పని నాలుగో అయిదో చూశాను.

ఇప్పుడు నేరం ఒప్పుకోవాలి. అమ్మాయి ఫోన్ చేసిన జనవరి పదహారు నుంచి నేను చుట్ట ముట్టలేదు. ఆ సాయంత్రమే చుట్టల డబ్బా ఖాళీ చేశాను, ఇప్పుడందులో మిషను సూదులు పోసుకున్నాను. మొదటి రెండు నెలలు కుక్కలాగా తిరిగాను. శనగలూ మెంతులూ నేను నమిలి చూసినవే. నా ఉత్తరాలన్నీ తీసి మళ్లీ చదువు. కాలుస్తున్నానని ఒక్కచోటా రాయలేదు. అబద్ధం ఆడలేదని చెప్పుకోవడానికి ఇది చాలదు, నాకు తెలుసు. ఆ సంగతి ప్రార్థనలో చెప్పుకున్నాను, ఇప్పుడు నీకు చెప్పుకుంటున్నాను.

ఎందుకు చేశానంటావు. జనవరిలో సైమన్ నాకు ఇచ్చినవి రెండు కవర్లు. ఒకటి నీది. రెండోది అమ్మాయిది. నువ్వు ఆమెకు తెలియకుండా రాశావు, ఆమె నీకు తెలియకుండా రాసింది, ఆ పిచ్చివాడు ఇద్దరివీ ఒకే సంచిలో తెచ్చాడు. ఆమె రాసింది నీకు తెలియాలి. "నాన్నా, రోజంతా వార్డులో దగ్గులు విని ఇంటికొస్తాను. వచ్చాక ఆయన దగ్గు వింటాను. ఏ దగ్గు ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. చెప్తే నవ్వుతాడు. నీకైతే షరతు పెట్టగలిగాను. ఆయన బిడ్డను ఆయన ఎత్తుకోవద్దని ఎలా అనను? నాకు భయంగా ఉంది. ఈ బిడ్డను నేను ఒక్కదాన్నే పెంచాల్సి వస్తుందేమోనని భయంగా ఉంది." ఇంతే రాసింది. కాగితం మీద రెండు చోట్ల సిరా అలుక్కుపోయింది.

దాని పక్కనే నీ ఉత్తరం. నా సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు మీరు మానాలి అని. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. నువ్వు ఎవరికోసమైనా ఎముకలు అరిగేలా చేస్తావు, నీకోసం వేలు కదపవు. కాబట్టి నాకోసం చేయించుకున్నాను. మా షెడ్డు పద్ధతి అబద్ధం కాదు. ఫిట్టరు ట్రయలుకు ఎక్కితీరాలి. ఈసారి ఫిట్టరును నడపడానికే ఇంజను చేయించాను.

అమ్మాయికి మార్చిలోనే తెలుసు. నేనే రాశాను. నువ్వు కూలరు పక్కన దాచింది కూడా తెలుసు. వీపు మీద చెవి ఆనించింది గోడ చల్లగా ఉందని కాదురా. విన్నది. జులైలో నాకు రాసింది, నాన్నా, చప్పుడు తగ్గింది అని. ఆ ఉత్తరం వచ్చిన రోజే మీ అత్తయ్య పాయసం చేసింది, నీ ఉత్తరం కూడా ఆ రోజే వచ్చింది. ఇంకా పూర్తిగా పోలేదు, డాక్టరుకు చూపించమంటోంది. ఈసారి నవ్వకుండా వెళ్లు.

నాకు మనసు లేదేమో అని రాశావు. ఆ వాక్యం చదివి బాధపడలేదు. నా కోసం అంత కోపం వచ్చిన అల్లుడు దొరికాడని సంతోషించాను.

ఇక ఇంజను సంగతి. సైమన్ చేత వెనక్కి పంపుతున్నాను. ఇది నాది కాదు, నీదీ కాదు. సీసం టాకా ఎందుకు వద్దన్నానో, మూలలెందుకు అరగదీయించానో, అద్దం ఎందుకు తీయించానో, చెక్కకు రంగెందుకు వద్దన్నానో ఇప్పుడు ఆలోచించు. తొమ్మిదో పదో నెలలప్పుడు పిల్లలు దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారు, లాగుతారు, విసురుతారు. దీవెన నా టార్చిలైటును అలాగే కొరికి పెట్టింది.

వట్టి ఆవిరి కూడా ఇక అవసరం లేదనిపించిన రోజున చెప్పు. తొందరేం లేదు, అది నీ ట్రయలు. ఆ రోజు లోపలి కలం తీసేయి. బ్యాటరీ, గొట్టాలు, మందు ఏదీ ఇంట్లో ఉంచకు. ఇత్తడి ఒంటిని వేడినీళ్లలో మూడుసార్లు కడుగు. ఆ నాలుగు చిల్లులకూ రేకు జరిపి రివిట్టు కొట్టేయి, వేలు దూరకూడదు. చక్రాలకు కొంచెం కొబ్బరినూనె రాయి. తర్వాత ముందున్న కొక్కేనికి తాడు కట్టి పాప చేతికివ్వు. తాడు కురచగా ఉండాలి, మెడకు చుట్టుకోకుండా.

డిసెంబరులో మీరు రైలు దిగేసరికి నేను ప్లాట్‌ఫారం మీదే ఉంటాను. పాపను నా చేతికి నువ్వే ఇవ్వు.

మీ మామయ్య,
జ్ఞానదాసు